శ్రీకాకుళం రోడ్డు అని రాసి ఉన్నచోట

మా ఊరు ఆమదాలవలస.
స్టేషను బోర్డు మీద మాత్రం శ్రీకాకుళం రోడ్డు.
బోర్డుని నమ్మి దిగినవాళ్లు
బయటికొచ్చి ఆటోవాళ్లని అడుగుతారు
శ్రీకాకుళం ఏదీ అని.
ఇంకా పోవాలండి, అంటారు వాళ్లు.

ఈ ముక్క ముందే గుర్తొచ్చుంటే
నాలుగు రాత్రుల నిద్ర మిగిలేది నాకు.

నరసన్నపేట బ్యాండువాళ్లు అమ్మేసిన కీబోర్డు.
రెండు మెట్లు పలకవు,
ఒకదాని సందులో ఎవరి పెళ్లిదో అక్షింత.
కంప్యూటరు జిరాక్సు షాపుది,
షట్టరు దించాక నాది.
మధ్యన ఒక వైరు:
అటు యూఎస్‌బీ, ఇటు రెండు తలలు,
తలకి అయిదేసి సూదులు.
ఇన్ అని రాసున్నది ఇన్‌లో గుచ్చాను,
అవుట్ అని రాసున్నది అవుట్‌లో.
చదువుకున్నదాన్ని కదా.

దీపం వెలగలేదు.
డ్రైవరు మార్చాను, కంప్యూటరు ఆపి తీశాను,
వైరు అమ్మినవాణ్ణి ఫోనులో తిట్టాను,
వాడు పాపం అన్నీ విని
"తిరగేసి చూసారా మేడమ్" అన్నాడు.

తిరగేస్తే వెలిగింది.
ఒకటి నోరు, ఒకటి చెవి,
నోటికి నోరు ఆనిస్తే వినేదెవరు?
వైరు మీద రాసింది దిగే చోటు పేరు కాదు,
చేరాల్సిన చోటు పేరు.
మా బోర్డు లాగే.

వెలిగింది గానీ
చప్పుడు లేదు.

ఆ వైరులో పాట ఉండదట.
ఏ మెట్టు, ఎంత బలం, ఎప్పుడు వదిలావు,
ఇవే కబుర్లు అటు పోతాయి.
మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ కాటా చీటీలు
నాన్న ఇంకా దాచుకున్నాడు,
వాటి మీద బరువుంటుంది, తీపి ఉండదు.
తీపి నేనే వెతుక్కోవాలి కంప్యూటరులో.
పియానో పెట్టాను. పలికింది,
వేలు పడ్డాక ఒక రెప్పపాటు ఆలోచించుకుని.
బఫరు సగం చేశాను, మళ్లీ సగం,
పోపులో ఆవాల్లా చిటపటలాడాక
ఒక అడుగు వెనక్కి.

ఇదంతా అవుతుండగా
సగం దించిన షట్టరు కింద నించి వంగి వచ్చాడు
తవుడు మావ,
పింఛను కాగితం జిరాక్సు కోసం.
ముప్ఫయ్యేళ్లు జముకు వాయించిన చెయ్యి,
ఊరుకోదు కదా, ఒక మెట్టు నొక్కింది.
తెర మీద అంకె పడింది.

"ఎంతే అమ్మీ?"
నూట పదకొండు.
"ఇంకా గట్టిగ కొడితేనో?"
నూట ఇరవై ఏడు దాటదు మావా.
"అంతేనేటి!" మొహం చిన్నబోయింది.
కాసేపాగి, "మరి మెల్లగ?"

తొమ్మిది.
నాలుగు.
ఊపిరి బిగబట్టి, రెండు.
"సున్నా కొట్టగలనేటి?"
సున్నా అంటే వదిలేసినట్టు మావా.
ఆ మాటకి నా వైపు చూశాడు,
ఏమీ అనలేదు.

ఎడం పక్కనున్న చక్రం నేను చూపించలేదు.
బొటనవేలు తనంతట తనే కనిపెట్టింది.
మెట్టు నొక్కి పట్టి చక్రం తోస్తే
స్వరం సాగింది, వంగింది, మూలిగింది,
వదిలితే గబుక్కున ఇంటికొచ్చేసింది.
"ఓలమ్మో, మా తీగ బిగించినట్టే ఉందే!
దీన్నే కదా సంకలో ఎట్టుకుని ఊరూరా తిరిగినాం!"

మావ వెళ్లాక ఫైలు తెరిచాను.
ఇటుకల్లా అడ్డంగా పేర్చిన స్వరాలు,
వాటి కింద నాగావళి ఇసకలో పాము జాడలా
చక్రం గీసిన గీత.
పియానో తీసి వయొలిన్ పెట్టాను, వేణువు పెట్టాను.
గీత చెక్కు చెదరలేదు.
జాబితాలో నూట ఇరవై ఎనిమిది వాద్యాలు.
షెహనాయి ఉంది, చప్పట్లున్నాయి,
హెలికాప్టరు కూడా ఉంది.
జముకు లేదు.

ఆదివారం దాన్ని తెమ్మన్నాను.
దానికి ఈ వైరు పనికిరాదు, మైకు కావాలి,
చర్చి కుర్రాళ్లని అడిగి చూడాలి.
పింఛను కాగితం జిరాక్సు మిషన్లోనే ఉండిపోయింది,
ఎలాగూ వస్తాడు.
ఏది చెవో, ఏది నోరో
ఈసారి ముందు మావనే అడుగుతాను.